చెక్క మంచం మీద గిలక్కాయ

ఫిబ్రవరి 3, సోమవారం

ఈరోజు టైలరమ్మను దులిపేశాను. అందరి ముందే. తూకం రోజు కదా, అంగన్‌వాడీ కేంద్రంలో గది నిండా తల్లులు, చంటిపిల్లలు, గోడవార కుర్చీల్లో నెలలు నిండుతున్న గర్భిణులు. టైలరమ్మ కూతురికి ఏడాదిన్నర. వెనక నుంచి గిలక్కాయ ఆడిస్తే తిరగదు, పిలిస్తే చూడదు. పెద్దాసుపత్రిలో చెవి డాక్టరుకు చూపించమని చీటీ రాసిచ్చి ఎన్నాళ్లయిందో. అడిగినప్పుడల్లా ఒక సాకు. కుట్టు మిషన్ చెడిపోయిందని ఒకసారి, చుట్టాలొచ్చారని ఒకసారి. ఈరోజు పట్టుకుని నిలదీస్తే నీళ్లు నమిలి నమిలి అసలు సంగతి కక్కింది.

"నలుగురూ చూస్తారు కదా టీచరమ్మా. చెవిటిపిల్ల అని పేరు పడిపోతే?"

"పరువు ముఖ్యమా, పిల్ల ముఖ్యమా? అసలు నువ్వు తల్లివేనా?" అన్నాను.

 ఆమె పిల్లను భుజాన వేసుకుని తల వంచుకుని వెళ్లిపోయింది. పాలగ్లాసులు కడుగుతూ రేడియో, "కాస్త ఎక్కువే అన్నారక్కా" అంది. రేడియో అంటే మా ఆయా. ఏ వార్తా కడుపులో ఉంచుకోదని ఆ పేరు నేనే పెట్టాను. అంటే అన్నాను, మెత్తగా చెబితే వినే రకమా వీళ్లు? ఈ ప్రాంతం మొత్తం మీద ఇలాంటి పిల్లల్ని అందరికంటే ముందు పట్టుకునేది నేనేనని పోయినేడు మీటింగులో నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. ఊరికే కొట్టరు.

సాయంత్రం మా అమ్మాయి మేడ మీద నుంచి పిడుగును ఎత్తుకుని దిగింది. పిడుగుకు పదో నెల. నా మనవడని చెప్పుకోవడం కాదు గానీ, కేంద్రంలో ఆ వయసు పిల్లలెవరికీ అంత చలాకీ లేదు.

"అమ్మా, వీడు పిలిస్తే తిరగట్లేదేమో అనిపిస్తోంది. ఒకసారి నువ్వు చూడవా?"

అదేం భాగ్యం అన్నాను. వాణ్ని చెక్క మంచం మీద కూర్చోబెట్టి, వెనక చేరి గిలక్కాయ ఆడించాను. తిరిగాడు. మెడ తిప్పి, నన్ను చూసి, ఉన్న రెండు పళ్లూ బయటపెట్టి నవ్వాడు. అమ్మాయి ముఖం తేటపడింది. దానికి ఆఫీసులో పనెక్కువై లేనిపోని భయాలు.

నా మోకాలు మంచం పట్టెకు తగిలినట్టుంది. తగిలితే ఏం.

ఫిబ్రవరి 5, బుధవారం

ఈసారి మాటల సంగతి. మొదట్లో బబ్బబ్బ అనేవాడు కదా, ఇప్పుడు అదీ మానేశాడేంటి అని అమ్మాయి. "మగపిల్లలకు మాటలు ఆలస్యమే. మీ మేనమామకు మూడేళ్లదాకా నోరు పెగల్లేదు. ఇప్పుడు ఆపమన్నా ఆపుతాడా?" అన్నాను. నవ్వుకుంటూ పైకి వెళ్లింది.

కేంద్రంలో ఏ తల్లయినా ఈ మాట అంటే నేను కళ్లెర్రజేస్తాను.

ఫిబ్రవరి 8, శనివారం

అల్లుడికి సెలవు. బస్సు నడిపేవాడికి సెలవంటే నిద్ర, తిండి, మళ్లీ నిద్ర. మధ్యాహ్నం అందరికీ ఇక్కడే భోజనం. పిడుగు ముందుగదిలో నిద్రపోతున్నాడు. నేను మిక్సీ వేశాను. కుక్కరు కూత మీద కూత పెట్టింది. పక్క వాటాలో ఎవరో గోడకు మేకులు కొడుతున్నారు. వాడు కదల్లేదు.

"మావాడు కుంభకర్ణుడత్తయ్యా. వీడి చెవి దగ్గర నా బస్సు హారన్ కొట్టినా లేవడు. ఇంతకంటే అదృష్టం ఏముంది?" అన్నాడు అల్లుడు.

అందరం నవ్వాం. నేను కాస్త ఎక్కువే నవ్వాను.

వాడు పుట్టిన ఆసుపత్రిలో చెవి పరీక్ష చేసే యంత్రం పనిచేయట్లేదు, నెలలోపు మళ్లీ తీసుకురండి అన్నారు. అమ్మాయి బయల్దేరబోతే ఆపింది నేనే. పచ్చి బాలింతవి, పసిగుడ్డుతో బస్సులెక్కి దిగడం దేనికి, ఇంట్లో నేనున్నాగా అన్నాను. ఆ మాటే ఇవాళంతా చెవిలో తిరుగుతోంది. ఇంట్లో నేనున్నాగా.

ఫిబ్రవరి 9, ఆదివారం

మళ్లీ చేశాను, అమ్మాయి లేనప్పుడు. తిరిగాడు. మంచం మీదే.

ఫిబ్రవరి 10, సోమవారం

ఒళ్లో కూర్చోబెట్టుకుని చేసి చూడొచ్చు. చేద్దామనే అనుకున్నాను. గిలక్కాయ కేంద్రంలో మరిచిపోయి వచ్చాను. రేపు.

ఫిబ్రవరి 11, మంగళవారం

గిలక్కాయ ఈరోజూ మరిచిపోయాను. గిలక్కాయే కావాలా, గ్లాసులో చెంచా వేసి ఆడించినా చాలు. ఆ సంగతి నేనే అందరికీ చెబుతాను.

టైలరమ్మ పెద్దాసుపత్రికి వెళ్లొచ్చిందట. రేడియో వార్త. పిల్లకు రెండు చెవుల్లోనూ వినికిడి బాగా తక్కువేనట, చెవి మిషన్లు పెడతారట. "మీ తిట్లు పనిచేశాయక్కా" అంది. నేను సంతోషపడాలి. పడ్డాను కూడా, కాసేపు.

నిజం రాసుకోవడానికే ఈ పుస్తకం అయితే రాయాలి. పిడుగుకు చీటీ రాయడం నాకు నిమిషం పని. కానీ దాని మీద వాడి పేరు ఉంటుంది, కింద నా సంతకం ఉంటుంది. ఆ చెవి విభాగంలో నన్ను ఎరగనివాళ్లు లేరు. 'ఊళ్లో పిల్లలందరినీ పట్టుకున్న టీచరమ్మ ఇంట్లో పిల్లాణ్ని పది నెలలు పట్టుకోలేకపోయిందట' అనుకోరూ?

అనుకోనీ అని రాయబోయి ఆగాను. 

ఫిబ్రవరి 13, గురువారం

తల్లుల క్లాసు. ఈ నెల వినికిడి గురించి. అమ్మాయి వస్తుందని నాకు చెప్పలేదు. ఆఫీసుకు సెలవు పెట్టి, పిడుగును చంకనేసుకుని వచ్చి అందరితోపాటు చాప మీద కూర్చుంది. నేను చూసి నవ్వాను. తనూ నవ్వింది.

ఈ క్లాసు నేను నిద్రలో లేపినా చెబుతాను. ఇంట్లో పరీక్ష చేసేటప్పుడు మూడు తప్పులు జరుగుతాయి. మీ నీడ బిడ్డ ముందు పడితే తిరుగుతాడు. మీ ఊపిరో కొంగు గాలో మెడకు తగిలితే తిరుగుతాడు. బిడ్డ కూర్చున్నది చెక్కదైతే, దాన్ని మీరు తట్టినా తన్నినా ఆ అదురుకు తిరుగుతాడు. వినపడని పిల్లలకు ఒళ్లంతా చెవులే. తిరిగాడు కదా అని మీరు మురిసిపోతారు, పిల్లాడికి విలువైన కాలం కాస్తా పోతుంది. ఇలా చెబుతాను, ఎప్పుడూ.

ఈరోజు నీడ గురించి చెప్పాను. బొమ్మ పాపను ఒళ్లో పెట్టుకుని గాలి గురించీ చెప్పాను. తలెత్తితే అమ్మాయి నన్నే చూస్తోంది, చదువుకునే రోజుల్లోలాగా శ్రద్ధగా.

"అంతేనమ్మా. ఏమైనా అడగాలంటే అడగండి" అన్నాను.

"అక్కా! అదురు సంగతి చెప్పలేదు!" వెనక నుంచి రేడియో. "ఎప్పుడూ స్టూలు తన్ని మరీ చూపిస్తారుగా!"

పాపం, మంచికే అంది. అంతటితో ఊరుకుందా, వంటగదిలోంచి చెక్క స్టూలు మోసుకొచ్చి, ముందు వరసలో కూర్చున్న ఒకామె బిడ్డను దాని మీద కూర్చోబెట్టి, వెనక నుంచి మోకాలితో చిన్నగా తాకింది. బిడ్డ చటుక్కున తిరిగింది. తల్లులంతా అబ్బో అన్నారు.

"చూశారా, చప్పుడు లేకుండానే తిరిగింది. ఇలా చేసి వినపడిందనుకుంటే మోసపోతారు. అంతే కదక్కా?"

"అంతే" అన్నాను.

అమ్మాయి స్టూలు వంక చూడట్లేదు. నా మోకాలి వంక చూస్తోంది.

రేడియో గుర్తుచేయకపోతే ఆ గదిలో తల్లులందరూ సగం పరీక్ష నేర్చుకుని ఇళ్లకు వెళ్లేవారు. నా పరువు కోసం వాళ్ల పిల్లల్ని కూడా ఆ మంచం మీద కూర్చోబెట్టబోయాను. ఇది రాస్తుంటే నా మీద నాకే రోత పుడుతోంది.

ఫిబ్రవరి 14, శుక్రవారం

పొద్దున్నే అమ్మాయి దిగి వచ్చింది.  సిమెంటు నేల మీద కూర్చుని, పిడుగును కిటికీ వైపు తిప్పి ఒళ్లో పెట్టుకుని, గిలక్కాయ నా చేతికి ఇచ్చింది. తను కొనుక్కొచ్చింది, కొత్తది.

"ఇప్పుడు చెయ్యమ్మా."

చేశాను. కిటికీలో పిచ్చుకను చూస్తున్నాడు.

"గట్టిగా."

గట్టిగా ఆడించాను. తర్వాత తనే లేచి స్టీలు పళ్లెం, గరిటె తెచ్చింది. ఒక్క దెబ్బకు నేను ఉలిక్కిపడ్డాను. వాడు పిచ్చుకనే చూస్తున్నాడు.

అప్పుడు వాణ్ని ఎత్తి చెక్క మంచం మీద కూర్చోబెట్టింది. వెనక్కి వెళ్లింది. చేతిలో గిలక్కాయ లేదు, ఏమీ లేదు. మోకాలితో మంచం పట్టెను మెల్లగా తాకింది. వాడు మెడ తిప్పి, వాళ్లమ్మను చూసి, రెండు పళ్లూ బయటపెట్టి నవ్వాడు. ఆ రోజు నాకేసి నవ్విన నవ్వే.

"నీకు తెలుసా అమ్మా?"

"లేదే. నిజంగా అదురు సంగతి నాకు తట్టలేదు" అన్నాను.

అది అబద్ధం. మోకాలు తగిలినట్టు ఆ రోజే తెలుసు, ఇందులోనే రాసుకున్నాను. రెండోసారి అది తగిలింది కాదు, తగిలించింది.

ఫిబ్రవరి 15, శనివారం

అల్లుడు ఇంట్లో ఎవరూ కుక్కరు పెట్టొద్దన్నాడట. ఎందుకో అడిగితే, ఆ కూత వింటుంటే ఏడుపొస్తోందన్నాడట.

ఫిబ్రవరి 20, గురువారం

పెద్దాసుపత్రి. చీటీ రాశాను. సంతకం పెట్టాను. అంతవరకు మనిషినే.

బయల్దేరేటప్పుడు కేంద్రం బ్యాడ్జీ పెట్టుకున్నాను. ఇది ఉంటే తొందరగా లోపలికి పంపిస్తారు అని అమ్మాయితో అన్నాను. చెవి విభాగం ముందు పొడుగాటి బెంచీ, గోడ మీద చెవి బొమ్మ, కింద పిల్లల బిస్కెట్ల పొడి. నేను, పక్కన పిడుగుతో అమ్మాయి. బెంచీ చివర్లో టైలరమ్మ. కూతురి చెవి మిషన్లకు అచ్చు కొలత తీయించడానికి వచ్చింది. నన్ను చూసి లేచి నిలబడింది. ఆ రోజు అన్ని మాటలన్నా లేచి నిలబడింది.

"టీచరమ్మా, మీరేంటి ఇక్కడ?"

"డ్యూటీ. ఒక కేసును తీసుకొచ్చాను" అన్నాను.

ఆలోచించి అనలేదు. ఆలోచించి ఉంటే అనేదాన్ని కాదు అని రాయాలనుంది, కానీ ఏమో.

సరిగ్గా అప్పుడే పిడుగు వాళ్లమ్మ ఒళ్లోంచి నా వైపు చేతులు చాచాడు. రోజూ చాస్తాడు, రోజూ అందుకుంటాను. ఈరోజు నా చేతులు బ్యాగు మీదే ఉండిపోయాయి. వాడు కాసేపు అలాగే చేతులు చాచి ఉంచాడు. అమ్మాయి లేచి, వాణ్ని తీసుకుని అవతలి వరసలో బెంచీకి వెళ్లి కూర్చుంది.

రెండు చెవుల్లోనూ వినికిడి బాగా తక్కువే. అసలు లేకపోలేదు, మిషన్లతో దారికి తేవచ్చు అంది డాక్టరు. "పుట్టిన కొత్తలో తెచ్చి ఉంటే ఈపాటికి మాటలకు పునాది పడేది. ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను, బ్యాడ్జీతో.

"మేమే గమనించలేదండీ" అంది అమ్మాయి.

నన్ను చూపించి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

అమ్మాయి దిగి రాలేదు.

ఫిబ్రవరి 24, సోమవారం

సాయంత్రాలు పిడుగు ఇక్కడే ఉండేవాడు. ఇప్పుడు పైన ఉన్నాడు. పాకుతూ డబ్బాను నేలకేసి కొడుతున్నాడు. ఆ చప్పుడు నాకు వినిపిస్తుంది, వాడికి వినిపించదు. నేను మంచం మీద పడుకుని ఇంటి కప్పు కేసి చూస్తున్నాను. మెట్లెక్కి తలుపు కొట్టడానికి ముఖం చెల్లడం లేదు.

ఫిబ్రవరి 26, బుధవారం

పాలగిన్నెకు మూత పెట్టి పైకి పట్టుకెళ్లాను. అల్లుడు తలుపు తీశాడు. "తను పడుకుందత్తయ్యా" అన్నాడు. లోపల అమ్మాయి గిన్నెలు సర్దుతోంది. ఇద్దరం విననట్టే నిలబడ్డాం.

మార్చి 3, సోమవారం

ఇళ్లకు తిరిగే రోజు. టైలరమ్మ వీధి వచ్చింది. వదిలేసి పక్క వీధికి వెళ్లొచ్చు, అడిగేవాళ్లు లేరు. వెళ్లాను.

ఒకే గది. సగం కుట్టు మిషన్, సగం మనుషులు. పిల్ల కింద గుడ్డముక్కలతో ఆడుకుంటోంది. ఆమె జాకెట్టు చేతులు అతుకుతూ, ఆపకుండానే, "కూర్చోండి టీచరమ్మా" అంది. స్టూలు చూపించింది. నిలబడే ఉన్నాను.

"ఆ రోజు ఆసుపత్రిలో నేను డ్యూటీ అన్నాను కదా. అది..."

"మీ మనవడు కదండీ?"

అప్పుడు స్టూలు మీద కూర్చున్నాను.

"బ్యాడ్జీ పెట్టుకున్నారు గానీ, మీ భుజాన సంచీలోంచి పాలసీసా కనబడుతోంది. డ్యూటీకి ఎవరైనా పాలసీసా తెచ్చుకుంటారా?" అని దారం పళ్లతో తెంపింది. "పైగా ఆ బాబు మీకేసి చేతులు చాచాడు. పరాయివాళ్లకు చాచరు కదా ఆ వయసులో."

తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్లుగా ఈ వార్త ఆమె దగ్గర ఉంది. రేడియో ఇల్లు వీళ్ల గోడ అవతలే. అక్కడికి చేరి ఉంటే ఈపాటికి ఊరంతా మారుమోగేది. చేరలేదు.

"ఎవరికీ చెప్పలేదేం?"

"ఏం చెప్పాలి?" మిషన్ ఆపింది. "ఆ రోజు మీరన్న మాటకు ఇంటికొచ్చి బాగా ఏడ్చానండీ. మిమ్మల్ని తిట్టుకున్నాను కూడా, అబద్ధమెందుకు. తర్వాత ఆ బెంచీ మీద మిమ్మల్ని చూశాక కోపం పోయింది. మీరూ నాలాగే భయపడ్డారు అనుకున్నాను."

ఆమె పెద్ద మనసుతో అంది. కానీ ఆమెలాగా కాదు నేను. ఆమె తెలియక భయపడింది. తెలియనందుకు ఆమెను తిట్టిన నేను, తెలిసీ భయపడ్డాను. ఈ మాట ఆమెకు చెప్పడానికే వెళ్లాను. "నిన్ను అలా అనకూడదు. తప్పు నాదే" అని మాత్రం వచ్చింది. ఆమె సిగ్గుపడి, పిల్లను ఎత్తి నా చేతుల్లో పెట్టింది, ఇంకేం చేయాలో తెలియక.

సాయంత్రం తిన్నగా మేడ ఎక్కాను. అమ్మాయి గుమ్మంలోనే నిలబడి ఉంది. "నాకు ఆ రోజే తెలుసు. మోకాలు తగిలింది. రెండోసారి కావాలనే తగిలించాను" అన్నాను. ఇంకా చాలా అనాలనుకున్నాను. 

"నేను నమ్మింది గిలక్కాయను కాదమ్మా" అంది. తలుపు వేయలేదు. లోపలికీ రమ్మనలేదు.

మార్చి 8, శనివారం

మంగళవారం మిషన్లు పెడతారని అల్లుడు మెట్ల మీద చెప్పాడు. "మీరూ రండి" అన్నాడు. అది ఎవరి మాటో అడగలేదు.

మార్చి 11, మంగళవారం

బ్యాడ్జీ ఇంట్లోనే వదిలేశాను.

అదే బెంచీ. ఈరోజు మిషన్లు పెట్టే రోజు కాబట్టి నిండా తల్లులు, అందులో కొందరు మా కేంద్రంవాళ్లే. వాళ్లలో ఆ రోజు టైలరమ్మను నేను దులిపినప్పుడు చూసినవాళ్లూ ఉన్నారు. అమ్మాయి, అల్లుడు, పిడుగు లోపలికి వెళ్లారు. నన్ను రమ్మనలేదు, నేనూ లేవలేదు. టైలరమ్మ కూతురికి అప్పటికే మిషన్లు పెట్టేశారు. గులాబీ రంగువి. పిల్ల బెంచీని గోటితో గీకుతూ, ఆ చప్పుడు విని ఆగి, మళ్లీ గీకుతోంది. టైలరమ్మ నన్ను చూసి పక్కకు జరిగింది. కూర్చున్నాను. 

లోపల నుంచి ఏడుపు వినిపించింది. పిడుగు ఏడుపే, కానీ కొత్తగా ఉంది. ఎందుకో తర్వాత తెలిసింది. వాడి గొంతు వాడికి వినిపించి బెదిరిపోయాడట.

తలుపు తెరుచుకుంది. అమ్మాయి. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మా, రా."

లేచి గుమ్మం దాకా వెళ్లాను. పిడుగు నాకు వీపు పెట్టి అల్లుడి ఒళ్లో ఉన్నాడు. ఏడుపు ఆపి, మిషన్లు పెట్టే ఆవిడ చేతిలోని రంగు ఉంగరాలను చూస్తున్నాడు. ఆవిడ తలెత్తి నన్ను ఆపింది. కొత్తగా చేరినట్టుంది, నన్ను ఎరగదు.

"ఇంట్లోవాళ్లనే రానిస్తామండీ. మీరెవరు?"

వెనక తలుపు తెరిచే ఉంది. బెంచీ మీద అందరూ ఇటే చూస్తున్నారని చూడకుండానే తెలుస్తోంది. అమ్మాయి నా వంక చూడలేదు. జవాబు నాకే వదిలేసి నేలకేసి చూస్తోంది.

"నేను వీడి అమ్మమ్మని" అన్నాను. బెంచీ చివరిదాకా వినపడేలా అన్నాను.

పిడుగు తిరిగాడు.

వాణ్ని ఎవరూ పిలవలేదు. గిలక్కాయ లేదు. దీపం నా ఎదురుగా ఉంది, నా నీడ వెనక్కే పడింది. వాడికీ నాకూ మధ్య గదిలో సగం ఉంది, నా ఊపిరి వాడి మెడకు తగలదు. నేల సిమెంటుది. నేను దేన్నీ తాకలేదు, రెండు చేతులూ రెండు మోకాళ్లూ నా దగ్గరే ఉన్నాయి. అన్నీ చూసుకున్నాను.

చేతులు చాచాడు. ఈసారి అందుకున్నాను.